బావిలోకి దిగకుండా బతికించడం: 108 ఉద్యోగిగా నా అనుభవం

అనంతపురం జిల్లా మెట్ట మండలాల్లో ఎండలు ముదిరేకొద్దీ బావుల్లో నీళ్లు అడుగంటుతాయి. పైనున్న గొట్టానికి నీళ్లు అందనప్పుడు కొందరు రైతులు ఆయిల్ ఇంజనును తాళ్లతో బావిలోపలి గట్టు మీదికి దించి, అక్కడే నడుపుతారు. దాని పొగ పైకి పోలేక లోపలే నిలిచిపోతుంది. 108 వాహనంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నేను అలాంటి ఒక బావి దగ్గర ఏం చేశానో, ఏం చేయకుండా ఆగానో వివరంగా రాయదలిచాను. ఎందుకంటే ఇలాంటి చోట్ల మొదట పడినవారితో పాటు, వారిని కాపాడాలని దిగినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

"బావిలో ఇద్దరు పడిపోయారు" అన్న ఒక్క మాటతో కాల్ సెంటర్ నుంచి కేసు వచ్చింది. కాలు జారి పడ్డారా, లోపల స్పృహ తప్పారా అన్నది తేలకుండా అక్కడికి వెళ్లడం మంచిది కాదు కనుక, బండి కదలగానే ఫోన్ చేసినవారికి నేనే తిరిగి ఫోన్ చేశాను. లోపల ఇంజను ఉందని, పొద్దున్నుంచి నడిచి ఇప్పుడు దానంతట అదే ఆగిపోయిందని, దాన్ని చూడటానికి దిగిన రైతు పలకకపోయేసరికి పాలేరు కూడా దిగాడని ఆయన చెప్పారు. ఇక ఎవరూ దిగకూడదన్నాను. ఆ మాటను ఆయన అక్కడున్నవారికి గట్టిగా అరిచి చెప్పడం నా చెవులతో విన్నాకే ఫోన్ పెట్టేశాను. ఫైర్ ఇంజనునూ పోలీసులనూ పంపమని కాల్ సెంటర్‌ను కోరాను.

మా పైలట్ అన్న (108 డ్రైవర్లను మేం పైలట్లనే అంటాం) అనుభవజ్ఞుడు. చింతచెట్టు ఆకులు ఎటు కదులుతున్నాయో చూసి, గాలి మా వైపు నుంచి బావి మీదికి వీచే దిక్కున, గట్టుకు దూరంగా బండి ఆపి, ముందు భాగాన్ని రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. వెనక్కి రావలసి వస్తే బండి తిప్పుకోవడానికి వ్యవధి ఉండదు.

గట్టు మీద రైతు తమ్ముడు నడుముకు తాడు కట్టుకుని, మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నాడు. "నన్ను ఇడ్సండి మేడమ్, మా యన్న కండ్ల ముందరే ఉండాడు" అని ఏడుస్తున్నాడు. శిక్షణలో 'ముందు నీ భద్రత' అన్న సూత్రాన్ని ఎన్నిసార్లు విన్నా, దాన్ని అమలు చేయడమంటే కన్నీళ్లు పెట్టుకుంటున్న మనిషి చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపడమేనని అక్కడే అర్థమైంది. "తమ్ముడూ, నువ్వు దిగితే మీ అమ్మకు ఇద్దరు కొడుకులూ ఉండరు" అన్నాను. కఠినమైన మాటే గానీ అతను ఆగాడు.

ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తడిగుడ్డ దాన్ని ఆపలేదు. ఎవరో లాంతరు దించి చూద్దామన్నారు. ఆక్సిజన్ బాగా తగ్గినచోట దీపం ఆరుతుందేమో గానీ, ఈ విషవాయువు ఉన్నచోట మామూలుగానే వెలుగుతుంది. లోపల పెట్రోలు ఆవిరి ఉంటే ఆ దీపమే నిప్పవుతుంది. అంబులెన్స్‌లోని ఆక్సిజన్ సిలిండర్‌ను కిందికి దించి వదలమని మరొకరు బతిమాలారు. అంత పెద్ద బావిలో అది ఏ మూలకూ చాలదు, పైగా నూనె కారుతూ వేడిగా ఉన్న ఇంజను పక్కన ఆక్సిజన్ వదలడం మంటను పిలవడమేనని వివరించి చెప్పాను.

గట్టు అంచున బోర్లా పడుకుని, నా నడుమును ఇద్దరు పట్టుకోగా, టార్చి వేసి పేర్లతో పిలిచాను. పాలేరు మూలిగి చెయ్యి కదిలించాడు. వెంటనే మోకుకు పెద్ద ఉచ్చు వేయించి అతని ఒళ్లోకి వదిలి, "చేతులు దూర్చి చంకల కిందికి లాక్కో" అని ఒకే మాటను మళ్లీ మళ్లీ అరిచాను. అతను దూర్చుకున్నాక పైనున్నవారంతా కలిసి మెల్లగా లాగారు.

రైతు మాత్రం పలకలేదు. ఫైర్ సిబ్బంది వచ్చేదాకా గడిచిన ఆ కాసేపూ అన్నిటికంటే ప్రమాదకరంగా మారింది. "చూస్తా నిలబడేదానికి వచ్చినారా?" అంటూ కొందరు బండి తలుపులు బాదారు. వైద్య సిబ్బందిపై దాడులను నేరంగా పరిగణించే 2008 నాటి రాష్ట్ర చట్టం ఉంది గానీ, ఆ క్షణంలో చట్టం పేరెత్తితే కోపం ఇంకా పెరుగుతుందని నా అభిప్రాయం. అందుకే ఊరి పెద్దాయనను పక్కకు పిలిచి సంగతి చెప్పి, ఫైర్ ఇంజను రావడానికి దారిలోని ట్రాక్టరు తీయించమన్నాను. పని దొరికిన మనుషులు శాంతించారు. ఫైర్ సిబ్బంది బీఏ సెట్లు (వీపున సిలిండరు నుంచి మాస్కులోకి గాలి అందించే పరికరాలు) తగిలించుకుని దిగి రైతును పైకి తెచ్చారు.

నాడి ఉంది, శ్వాస దాదాపు లేదు. చేత్తో నొక్కి గాలి పంపే అంబు బ్యాగ్‌తో రైతుకు ఊపిరి అందిస్తూ, పాలేరుకు మాస్కు పెట్టి పూర్తి వేగంతో ఆక్సిజన్ ఇస్తూ బయలుదేరాం. పాలేరు వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 99 చూపించింది. ఆ అంకెను నమ్మకూడదు, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను కూడా ఆ పరికరం ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కేస్తుంది. మామూలు గాలిలో ఆ విషం రక్తంలో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, పూర్తి ఆక్సిజన్ మీద గంటా గంటన్నర చాలు. కాబట్టి తలనొప్పి తగ్గిందని అతను మాస్కు తీయబోయినా తీయనివ్వలేదు. ఆసుపత్రి డాక్టరుకు అప్పగించేటప్పుడు 'ఇంజను పొగ' అన్న మాటను రికార్డు మొదటి వరుసలోనే రాశాను.

పాలేరు కోలుకుని ఇంటికి వెళ్లాడు. రైతు మర్నాడు కన్నుమూశారు. తమ్ముడు బతికి ఉన్నాడు, ఆ ఇంటి బాధ్యత ఇప్పుడు అతనిదే.

మా బండిలో గ్యాస్ డిటెక్టర్ లేదు. ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, మండే వాయువులు అనే నాలుగింటినీ కొలిచే చేతిలో పట్టే పరికరాలు ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. బావులూ సెప్టిక్ ట్యాంకులూ ఉన్న ప్రతి మండలంలో 108కి ఒకటి ఇవ్వాలని పైవారికి రాసి పంపాను, మళ్లీ రాస్తాను. ఈలోగా చదివేవారికి నా విన్నపం ఒకటే: బావిలో ఎవరైనా పడిపోతే 108కి ఫోన్ చేసినప్పుడు, లోపల ఇంజను ఉందో లేదో మొట్టమొదట చెప్పండి, రెండో మనిషిని దిగనివ్వకండి.