కపుల్ ఎంట్రీ బోర్డు దింపించేసరికి

వైజాగ్‌లో డీజే అంటే పెళ్లి ఊరేగింపులో వ్యాన్ మీద పేర్చిన బాక్సులే. మా అమ్మకీ అంతే. నేను వాయించేది హౌస్, టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం. ఇంట్లో పాటలు కలిపే కంట్రోలర్ మీద చెయ్యి కుదిరాక, సిరిపురంలో తెలిసినవాళ్ల పార్టీలకు వాయించాక, గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి మా క్వీర్ స్నేహితుల కోసం ఒక రాత్రి పెడదామనిపించింది.

చోటు తొందరగానే దొరికింది. ఆదివారాలు ఈగలు తోలుకునే బార్ అది. సౌండ్ గొడవా లేదు. 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు గానీ, మూసిన హాళ్లకు మినహాయింపు ఉంది. చిక్కంతా గుమ్మం దగ్గరే: 'కపుల్ ఎంట్రీ ఓన్లీ'.

కపుల్ అంటే ఒక ఆడ, ఒక మగ. చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఇద్దరబ్బాయిలొస్తే 'స్టాగ్స్', అంటే జంట లేని మగాళ్లు, లోపలికి పంపరు. ట్రాన్స్ అమ్మాయి వస్తే బౌన్సర్ ఆధార్ అడుగుతాడు, అందులోని పాత పేరు లైన్లో అందరికీ వినబడేలా చదువుతాడు.

"లేడీస్ సేఫ్టీ కోసమే మేడమ్ ఆ రూలు," అన్నాడు మేనేజర్. నేనూ లేడీనే కదా! వేరేచోట వాయిస్తుంటే, తెలుగు పాట వెయ్యమని మిక్సర్ మీదికి చెయ్యి పెట్టినవాడు శుభ్రంగా జంటగా వచ్చినవాడే.

"అసలిది లీగలేనా?" అన్నది తర్వాతి ప్రశ్న. స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించాను. పనిలో పనిగా హౌస్ సంగీతం చికాగోలో నల్లజాతి, లాటినో గేలు చేరే క్లబ్బుల్లో పెరిగిందనీ, 1977లో అక్కడ తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బులో డీజే ఫ్రాంకీ నకల్స్ వాయించేవాడనీ చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విని, "బావుంది మేడమ్. కవర్ ఛార్జి ఎంత పెడదాం?" అన్నాడు. నిజానికి అతన్ని కదిలించింది ఆ లెక్కే.

ఎవరికైనా ఒకటే టికెట్ అనుకున్నాం. కార్డులో 21 ఏళ్లు నిండాయా అన్నదే చూడాలి, పేరు పైకి చదవకూడదు. గుమ్మం దగ్గర లేడీ బౌన్సర్ ఉండాలి. వచ్చినవాళ్ల ఫోన్ కెమెరాలకు స్టిక్కర్ అంటించాలి. ఇంట్లో తెలియనివాళ్లే ఎక్కువ మరి. ఒక్క రీల్ చాలు కొంప ముంచడానికి. ఇంద్రధనుస్సు జెండా కడదామన్నారు కొందరు. ఆ డబ్బులతో లేడీ బౌన్సర్‌కి ఇంకో రెండు గంటలు ఎక్కువిచ్చాం.

సౌండ్ కుర్రాడు నన్ను చూసి "డీజే గారింకా రాలేదా అక్కా?" అన్నాడు. పెన్‌డ్రైవ్ పెట్టి, నిమిషానికి 122 బీట్ల వేగం దగ్గర మొదటి పాట వదిలాను.

ఇప్పుడు మేనేజరే ఫోన్ చేసి ఆదివారాలు అడుగుతున్నాడు. శుక్ర, శనివారాల్లో మాత్రం ఆ బోర్డు ఇంకా పెడుతూనే ఉన్నారు.