ముహూర్తం థెరపిస్టును కూడా తరుముతుంది

పెళ్లి ఒత్తిడి కేసుతో కన్సల్టేషన్‌కు, అంటే తన కేసు గురించి మరో అనుభవజ్ఞుడి సలహాకు, వచ్చే థెరపిస్టు తరచూ అడిగేది ఇదే: “ఇంకా ఐదు వారాలే ఉంది, ఏ టెక్నిక్ వాడమంటారు?” చిక్కు ఆ ప్రశ్నలోనే ఉంది. క్లయింట్‌ను తరుముతున్న తేదీ థెరపిస్టునూ తరుముతోంది. టెక్నిక్ మాట ఎత్తకముందే ఆ హడావుడిని ఆపడం కన్సల్టెంటు మొదటి పని.

అందుకే ముందుగా ఒక పేజీ రాసుకు రమ్మనాలి. అందులో లక్షణాల చిట్టా కంటే ఇంటి లెక్కలు ముఖ్యం. లగ్నపత్రిక రాసుకున్నారా, శుభలేఖలు పంచేశారా, ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ ఎవరిచ్చారు, పెళ్లయ్యాక కాపురం ఎక్కడ, సెషన్ బుక్ చేసిందెవరు, ఫీజు ఎవరి ఫోన్‌పే నుంచి వస్తోంది, ఆన్‌లైన్ సెషన్ అయితే పక్క గదిలో ఎవరున్నారు. చివరి మూడూ అడగడం చాలామంది మరిచిపోతారు. తండ్రి ఫీజు కడుతూ, “మా అమ్మాయిని కాస్త ఒప్పించండి మేడమ్” అని ఆశిస్తుంటే, అసలు క్లయింట్ ఎవరన్నది మొదటి సెషన్‌లోనే, తండ్రి వింటుండగానే తేల్చి చెప్పాలి. మూడో సెషన్‌లో చెబితే అది మోసంలా వినిపిస్తుంది.

ఆ పేజీలో క్లయింట్ పేరు కొట్టేస్తే సరిపోదు. హైదరాబాద్ ఎంత పెరిగినా పెళ్లిళ్ల విషయంలో చిన్న ఊరే. కులం, కంపెనీ, ఫంక్షన్ హాల్, నెల, ఈ నాలుగూ చెబితే వినేవారికి ఇల్లు తెలిసిపోతుంది. కన్సల్టెంటుకు అదే పెళ్లికి శుభలేఖ అందినా ఆశ్చర్యం లేదు. కుటుంబం ఎవరిదో గుర్తు తగిలిన క్షణమే ఆపి, కేసును వేరొకరికి పంపాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా ఇచ్చింది. కేసును మరొకరితో చర్చిస్తామని క్లయింట్‌కు ముందే చెప్పి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవడం మంచిది.

ఆ తర్వాత ఒత్తిడి ఏ రకమో విడదీయాలి. దానికి ఒక ప్రశ్న బాగా పనికొస్తుంది: “రేపు పొద్దున్నకల్లా పనులన్నీ ఎవరో చేసిపెట్టేస్తే, మీకు ఇంకా ఏం మిగులుతుంది?” ‘హమ్మయ్య’ అంటే అది పనుల బరువు. నిద్ర, పనుల పంపకం, ఖర్చుకు ఒక గీత, ఇవి చాలు. పెట్టుపోతల గురించి రెండువైపుల పెద్దల పట్టింపులు మిగిలితే అది మనుషుల మధ్య లాగులాట. ఏమీ అనకుండా క్లయింట్ తల దించుకుంటే రెండో ప్రశ్న వేయాలి: “వద్దంటే ఏమవుతుంది?” అమ్మ బాధపడుతుంది అనడం వేరు, ఫోన్ లాక్కున్నారు, ఉద్యోగం మాన్పించారు అనడం వేరు. రెండోది బలవంతం. అక్కడ కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టే సెషన్ పెడితే క్లయింట్‌కే ప్రమాదం. విడిగా మాట్లాడాలి, ఎక్కడికి వెళ్లగలరో, ఎవరిని పిలవగలరో ముందు తేలాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఇవ్వాలి.

నిశ్చితార్థం అయ్యాక లాంఛనాల పేరుతో కోరికలు పెరగడాన్ని కొందరు థెరపిస్టులు ‘ఫ్యామిలీ స్ట్రెస్’ అని రాసుకుని ఊపిరి వ్యాయామం నేర్పిస్తారు. దాంతో కట్నం అడగడం ఆగదు. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం. థెరపిస్టు లాయరు పాత్ర వేయనక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉందని, జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చని చెబితే చాలు.

కొలతల విషయం. ఆందోళనను కొలిచే ప్రశ్నావళి గాడ్-7 మొత్తం 21కి, 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఇంకా లోతుగా చూడాలి. అది గడిచిన రెండు వారాల సంగతి అడుగుతుంది కాబట్టి వారం వారం ఇస్తే లెక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక మరేం వచ్చినా, మొత్తం తక్కువగా ఉన్నా సరే, ఆత్మహత్య ఆలోచనల గురించి అప్పుడే సూటిగా అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 తెలుగులోనూ పలుకుతుంది.

కన్సల్టేషన్‌లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న క్లయింట్ వాడుతున్న మానసిక వైద్యపు మందులది: “అవతలివాళ్లకు చెప్పమనాలా, వద్దా?” దీనికి కన్సల్టెంటు అవును, కాదు అని జవాబిస్తే తప్పు. హిందూ వివాహ చట్టం 1955లో ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు కోరే వీలు 12వ సెక్షన్‌లో ఉంది. ఏ జబ్బు ఆ కిందకు వస్తుందన్నది లాయరు చెప్పాల్సిన మాట. థెరపిస్టు పని వేరు. ముందు కాబోయే జీవిత భాగస్వామికి చెప్పాలా, పెద్దలకా, ఎంతవరకు, ఎవరి నోటితో, చెప్పాక సంబంధం తప్పిపోతే ఆ వారం ఎలా గడవాలి, ఇవన్నీ క్లయింట్‌తో ఒక్కొక్కటిగా నడవాలి. ఈలోగా జరిగే అసలు ప్రమాదం ఇంకొకటి: అత్తింట్లో స్ట్రిప్ కనబడుతుందని పెళ్లికి రెండు వారాల ముందే మాత్రలు టకీమని ఆపేయడం. తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి వస్తే అందరూ ‘పెళ్లి టెన్షన్’ అంటారు. అందుకే మాత్రలు ఎక్కడ ఉంటాయి, ముహూర్తం దాకా ఉపవాసం ఉంటే ఏ వేళకు వేసుకోవాలి అని సైకియాట్రిస్టును అడిగి ముందే రాసిపెట్టుకోవాలి.

ఇంట్లో అనాల్సిన మాటను సెషన్‌లో ముందే సాధన చేయించే రిహార్సల్ దగ్గర జరిగే పొరపాటు చూడండి. గచ్చిబౌలిలో సెషన్ ఇంగ్లీషులో సాగుతుంది, గొడవేమో ఇంట్లో తెలుగులో జరుగుతుంది. ఇంగ్లీషులో సాధన చేసిన ‘నాకు ఇలా అనిపిస్తోంది’ వాక్యం బంధువుల మధ్య పెదనాన్నతో అంటే ఎదురు మాట్లాడినట్టే. కనీసం 20 నిమిషాలు తెలుగులో, “పెదనాన్నా, ఒక్క మాట” దగ్గర్నుంచి సాధన చేయించాలి. ఒక్క కోరికే ఉండాలి. నలుగురిలో కాదు, ముందురోజు విడిగా. ఆ ఇంట్లో మాట చెల్లేది మేనమామదైతే ఆయన ద్వారానే. ఇది పిరికితనం అనుకునే థెరపిస్టులున్నారు, నేను అనుకోను.

‘వాయిదా వేసుకోండి’ అనే సలహా తేలిగ్గా ఇచ్చేవారు పంచాంగం చూడాలి. ఆషాఢం, మూఢం వస్తే తర్వాతి ముహూర్తం నెలల దూరం పోవచ్చు. చాలా ముస్లిం కుటుంబాలు మొహర్రంలో పెళ్లి పెట్టుకోవు. అడ్వాన్స్ పోతుంది, శుభలేఖలు మళ్లీ వేయించాలి. ఇదంతా లెక్క కట్టాక కూడా వాయిదా సరైనదే కావచ్చు, కానీ లెక్క కట్టాకే. చివరి పది రోజుల్లో మాత్రం పాత గాయాలు తవ్వకూడదు. నిద్ర, తిండి, ఫోన్‌కు దూరంగా రోజుకు అరగంట, అంతే.

కన్సల్టేషన్‌కు 50 నిమిషాలుంటే మొదటి పది ప్రశ్నకు, తర్వాత పది కేసుకు, చివరి పది ‘ఎప్పటిలోగా ఏం చేస్తారు’ అని రాసుకోవడానికి. మధ్య ఇరవైలో థెరపిస్టు ఎవరి పక్షాన నిలబడ్డారో బయటపడుతుంది. తనూ కులాంతర పెళ్లి కోసం ఇంట్లో పోరాడిన థెరపిస్టుకు ప్రతి తల్లీ విలన్‌లా కనబడవచ్చు. ‘నేనేం చేయాలో మీరే చెప్పండి’ అని క్లయింట్ థెరపిస్టును అడిగినట్టే థెరపిస్టు కన్సల్టెంటును అడగడం మొదలుపెడితే, ఆ పోలికను అక్కడికక్కడే చూపించాలి. కన్సల్టేషన్‌లో నిర్ణయ బాధ్యత థెరపిస్టుదే. సూపర్‌విజన్‌లో దాంట్లో కొంత సూపర్‌వైజరు మోస్తారు. రెంటిలో ఏది జరుగుతోందో ఒప్పందంలో ఉండాలి.

థెరపిస్టులను కొంతకాలం వెంట ఉండి తీర్చిదిద్దే మెంటర్‌షిప్ ఇంకా నెమ్మదైన పని. నెలకు రెండుసార్లు, ఆరు నెలలు, నలుగురైదుగురి గుంపు బాగుంటుంది. గుంపులో తెలుగు పెళ్లిళ్లు మాత్రమే తెలిసినవారుంటే ముస్లిం పెళ్లిళ్లలో సాంచక్ (పెళ్లికి ముందు కానుకల వేడుక), వలీమా (పెళ్లి తర్వాతి విందు) ఖర్చుల మీద జరిగే గొడవ అర్థం కాదు. పెళ్లయ్యాక ఆరో వారంలో కేసును మరోసారి తెమ్మనాలి. చాలామంది క్లయింట్లు ముహూర్తంతోనే మానేస్తారు కాబట్టి ఆ వారం క్లయింట్‌తో సెషన్ తేదీ పెళ్లికి ముందే ఖాయం చేయాలి. మొదటి ఆషాఢం పుట్టింట్లో గడిపే ఆనవాయితీ ఉంటే అమ్మాయి విడిగా, తీరిగ్గా మాట్లాడగలిగే నెల అదే.