లేసుల్లేని షూకి మీగాలే తాళం

తెలుగులో "లోఫర్" అంటే తిట్టు. ఇంగ్లిష్‌లోనూ పనీపాటా లేకుండా తిరిగేవాణ్ణే అలా అంటారు. వంగి లేసులు కట్టుకునే ఓపిక కూడా లేనివాడి షూకి పేరు బాగానే అతికింది. కొనేటప్పుడు మాత్రం బద్ధకం పనికిరాదు. లేసుల షూ కాస్త వదులైతే లాగి కట్టుకుంటాం, బిగుతైతే సడలిస్తాం. లోఫర్‌లో ఆ వెసులుబాటు లేదు. అది పాదాన్ని పట్టుకునేది రెండే చోట్ల: ముందు మీగాలి మీద, వెనక మడమ దగ్గర. ఈ రెండు పట్లూ కుదరని జత ఎంత అందంగా ఉన్నా అలమారాకే అలంకారం.

ముందు పాదాన్ని కొలవాలి. సాయంత్రం అయితే మేలు, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత గీయండి. కూర్చుని కొలిస్తే బరువు పడదు కాబట్టి కొలత తక్కువొస్తుంది. రెండు పాదాలూ కొలవండి, సాధారణంగా ఒకటి కాస్త పెద్దది. రెండో కొలతను చాలామంది వదిలేస్తారు: మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక వరకు. షూ వెడల్పుగా ఉండే చోటు, వంగే చోటు సరిగ్గా ఆ ఎముక దగ్గరికి రావాలి. వేళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లు మొత్తం పొడవు చూసుకుని కొంటే షూ ఒకచోట, పాదం మరోచోట వంగుతాయి. ముందు తోలు మీద అడ్డదిడ్డంగా ముడతలు పడటానికి అదో కారణం.

సైజు అంకెల గోల ఇంకో రకం. యూకే పద్ధతిలో ఒక సైజుకీ తర్వాతి దానికీ తేడా 8.46 మి.మీ., అర సైజు అంటే 4.2 మి.మీ. పైచిలుకు. యూరప్ పద్ధతిలో ఒక్కో సైజు 6.67 మి.మీ. ఈ రెండు మెట్లూ ఎక్కడా సరిగ్గా కలవవు గనక కంపెనీలు తమకు తోచినట్టు దగ్గరి అంకె వేసేస్తాయి. మార్పిడి పట్టికలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం అందుకే. వెడల్పు అక్షరాలతో ఇంకా తంటా: అమెరికాలో మగవాళ్ల షూకి మామూలు వెడల్పు డి, ఇంగ్లండ్‌లో ఎఫ్. అదే ఇ అక్షరం అమెరికాలో వెడల్పు, ఇంగ్లండ్‌లో సన్నం. అందుకే పెట్టె మీద అంకెను నమ్మకుండా, ఆ షూ ఏ అచ్చు (షూను చుట్టి కుట్టే పాదం ఆకారపు దిమ్మ) మీద తయారైందో అడగాలి. ఒకే కంపెనీలో రెండు మోడళ్లకు రెండు అచ్చులుంటే, ఒకదాంట్లో సరిపోయిన సైజు రెండోదాంట్లో సరిపోతుందన్న హామీ లేదు.

చాలామందికి లేసుల షూ కంటే లోఫర్ అర సైజు తక్కువ పడుతుంది. ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్కే, తీర్పు కాదు. గుర్తుంచుకోవాల్సిందల్లా, తోలు అడ్డంగా సాగుతుంది, పొడవున సాగదు. కాబట్టి కొత్తలో మీగాలి మీద గట్టిగా కరచాలనం చేసినంత బిగువు ఉండాలి. వేళ్లు మాత్రం ముందు తగలకూడదు. వేళ్లు తగులుతూ మడమ కూడా వదులైతే సైజు మార్చి లాభం లేదు, అచ్చే మీది కాదు. ఆ జతను అక్కడే వదిలేయండి.

వేసి చూసేటప్పుడు, తర్వాత వేసుకోబోయే సాక్సుతోనే చూడండి. గట్టి నేల మీద ఓ పది నిమిషాలు నడవండి, తివాచీ మీద ఏ షూ అయినా బాగానే ఉంటుంది. మెట్లెక్కండి. కొత్త జతలో మడమ 5 మి.మీ. దాకా లేస్తే కంగారు పడక్కర్లేదు. అడుగు భాగం ఇంకా బిరుసుగా ఉంది, పాదం వంగినంత అది వంగడం లేదు, అంతే. వాడుతుంటే వంపు తిరిగి ఆ కదలిక తగ్గుతుంది. మెట్ల మీద మడమ పూర్తిగా బయటికొచ్చేస్తుంటే మాత్రం అది తగ్గే రకం కాదు. ఇంకో గుర్తు: షూ జారకుండా వేళ్లు తమంతట తామే ముడుచుకుని నేలను పట్టుకుంటున్నాయంటే అది వదులే, మీకు తెలియకుండా కాలు దాన్ని మోస్తోంది. విప్పాక మీగాలి మీద తేలికపాటి గీత కనిపిస్తే ఫర్వాలేదు. తిమ్మిరెక్కితే వద్దు. నిలబడినప్పుడు చీలమండ కింద పక్క అంచులు పాదాన్ని వదిలి నోరు తెరుస్తున్నా వద్దు.

మీగాలు ఎత్తుగా ఉన్నవాళ్లకు ముందు తోలు పొట్టిగా, నోరు వెడల్పుగా ఉన్న మోడళ్లు హాయి. మీగాలు పల్చగా ఉన్నవాళ్లు తోలు పైదాకా వచ్చినవి చూసుకోవాలి. లేకపోతే మీగాలి మీది అడ్డ పట్టీ కింద ఖాళీ మిగిలి పాదం ముందుకు జారుతుంది. జారడం మొదలైందంటే అందరూ వెనక మడమ దగ్గర ప్యాడ్ అంటిస్తారు. అది పాదాన్ని ఇంకా ముందుకే తోస్తుంది. మందు వేయాల్సింది ముందు: పట్టీ కింద, నాలుక లోపలి వైపు పల్చటి ప్యాడ్ అంటిస్తే పాదం వెనక్కి, కిందికి దిగి మడమ కూర్చుంటుంది. అడుగున పూర్తి ఇన్‌సోల్ వేస్తే మడమ కూడా లేస్తుంది. అసలే లోతు తక్కువ షూ, పట్టు ఇంకా పోతుంది. వేయక తప్పకపోతే ముందు సగానికే వేయండి.

ఇక మోడళ్లు. పట్టీ మీద చీలిక ఉండేది పెన్నీ లోఫర్. నార్వే చెప్పుల నమూనా నుంచి అమెరికాలో జి.హెచ్. బాస్ కంపెనీ 1936లో తెచ్చిన వీజన్స్ అనే మోడల్‌తో ఇది ఊపందుకుంది. కుచ్చులున్నది ఇంకాస్త దర్జా, సూటు కిందికీ నప్పుతుంది. గుర్రపు కళ్లెం ముక్కలాంటి లోహపు పట్టీ ఉన్నదాన్ని ఇటలీ కంపెనీ గుచ్చి (Gucci) 1953లో తెచ్చింది. మొదటి జతకైతే ముదురు గోధుమ రంగు పెన్నీ, గుండ్రటి ముక్కు. పొడుగ్గా కోసుగా ఉండే ముక్కు మీద నాకు నమ్మకం లేదు.

తయారీలో తేడాలు ఫిట్‌నూ మారుస్తాయి. బ్లేక్ కుట్టు అడుగు భాగాన్ని నేరుగా లోపలి అట్టకు కుట్టేస్తుంది, కాబట్టి షూ పల్చగా, మొదటి రోజు నుంచే మెత్తగా వంగుతుంది. లోపల అట్ట మీద కుట్టు కనిపించడమే దీని ఆనవాలు. తడి మాత్రం తొందరగా పైకెక్కుతుంది. గుడ్‌ఇయర్ వెల్ట్‌లో చుట్టూ తోలు పట్టీ కుట్టి దానికి అడుగు భాగం కుడతారు. అడుగు మార్పించుకోవడం తేలిక, కానీ మొదటి వారాల్లో బిరుసు ఎక్కువ, మడమ లేవడమూ ఎక్కువే. చేత్తో కుట్టిన అసలు మొకాసిన్‌లో ఒకే తోలు పాదం కింద నుంచి పక్కలకు ఎక్కుతుంది. అన్నిటికంటే మెత్తన, అన్నిటికంటే ఎక్కువ సాగేదీ అదే. లోపల అస్తరు లేనివి, స్వేడ్‌వి (నూగులా మెత్తగా ఉండే తోలువి) కూడా బాగా సాగుతాయి. ఇలాంటివి కొత్తలో ఇంకాస్త బిగువుగానే తీసుకోవాలి. తోలు చూసేటప్పుడు ముందు భాగాన్ని వేలితో మెల్లగా నొక్కండి. సన్నటి ముడతలు పడితే మంచి దూడ తోలు. ప్లాస్టిక్ పూత వేసిన తోలు అద్దంలా మెరుస్తుంది, నొక్కితే పలకలా లొత్త పడుతుంది, కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది.

మొదటి వారం ఇంట్లో శుభ్రమైన నేల మీద రోజుకు గంటో రెండు గంటలో వేసుకోండి. కుదరకపోతే తిరిగి ఇచ్చేయడానికి అడుగు మాయకుండా ఉంటుంది. ఆ తర్వాత కూడా వరుసగా రెండు రోజులు వేయకండి, చెమట ఆరడానికి ఒక రోజు కావాలి. లోపల పెట్టే చెక్క షూ ట్రీ మడమ వైపు చిన్న గుండులా కాకుండా వెడల్పుగా ఉన్నది చూసుకోండి. గుండు ఒకే చోట నొక్కి వెనక భాగాన్ని సాగదీస్తుంది. షూహార్న్ (మడమను లోపలికి జార్చే వంపు పలక) లేకుండా కాలు దూర్చి వెనక అంచును తొక్కేస్తే లోపలి గట్టి అట్ట విరుగుతుంది. విరిగిందంటే మడమ పట్టు పోయినట్టే, దాన్ని ఏ ప్యాడూ నిలబెట్టలేదు.