నీలి వెలుగు కింద

బెంగళూరులో ఉద్యోగంలో చేరిన ఏడాది అమ్మ వీడియో కాల్ చేస్తే కెమెరా ఆపేసేదాన్ని. "నెట్ సరిగ్గా రావట్లేదమ్మా" అని అబద్ధం చెప్పేదాన్ని. మారతహళ్ళి పీజీలో వైఫై బాగానే ఉండేది. నా రెండు చెంపల నిండా చీము మొటిమలు. పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద రక్తపు చుక్కలు.

అప్పుడు నాకు 23 ఏళ్లు. పీజీలో ఎవరో చెబితే మెడికల్ షాపులో ఒక క్రీము కొన్నాను. వారంలో మొహం తేటపడింది. మానేస్తే రెట్టింపు వచ్చాయి. మళ్ళీ రాశాను. ఇలా ఆరు నెలలు.

స్కిన్ డాక్టరమ్మ ఆ ట్యూబు తిప్పి, చిన్న అక్షరాల మీద గోరు పెట్టి చూపించారు. క్లోబెటసాల్. స్టెరాయిడ్. "ముందు ఇది ఆపాలి" అన్నారు. ఆపాక మూడు వారాలు మొహం మండిపోయింది. రాత్రుళ్ళు తడిగుడ్డ వేసుకుని కూర్చునేదాన్ని.

మంట తగ్గాక లైట్ థెరపీ మొదలుపెట్టారు. లేజర్ కాదు, ఎల్ఈడీ దీపాలు. మొటిమల్లోని బ్యాక్టీరియా పోర్ఫిరిన్లు అనే పదార్థాలను తయారు చేసుకుంటుంది. దాదాపు 415 నానోమీటర్ల నీలి వెలుగు పడితే వాటి నుంచే ఒకరకం చురుకైన ఆక్సిజన్ పుట్టి ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. 630 దగ్గరి ఎర్ర వెలుగు ఇంకా లోతుకు వెళ్ళి వాపు తగ్గిస్తుంది. మందు పూసి వెలుగు పెట్టే పద్ధతి కూడా ఉందట. కానీ ఆ తర్వాత రెండు రోజులు ఎండ తగలకూడదు. రోజూ రింగ్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడేదాన్ని, వద్దన్నాను.

నర్సు నల్ల కళ్ళద్దాలు పెట్టి "కణ్ణు ముచ్చి అమ్మా" అని, కళ్ళు మూసుకోమని కన్నడంలో చెప్పేది. ముక్కు పక్క సందులోంచి నీలం సన్నగా దూరేది. చెంపలకు గోరువెచ్చగా తగిలేది. వారానికి రెండు సిట్టింగులు. నీలి వెలుగుకు మన ఛాయలో మచ్చలు ముదిరే అవకాశం ఉందని డాక్టరమ్మ ప్రతిసారీ ఫోటో తీసి పోల్చి చూసేవారు. ఆ జాగ్రత్త నాకు చాలా ధైర్యాన్నిచ్చింది.

ఎర్రటి మొటిమలు నిజంగానే అణిగాయి. బ్లాక్‌హెడ్స్ మాత్రం కదల్లేదు, అవి రాత్రి రాసే అడాపలీన్ అనే మొటిమల జెల్‌తోనే తగ్గాయి. వెలుగు ఆపితే మొటిమలు మళ్ళీ రావచ్చన్నారు, అందుకే ఆ జెల్లూ సన్‌స్క్రీనూ ఇప్పటికీ మానలేదు.

ఐదో సిట్టింగ్ అయిన ఆదివారం అమ్మ కాల్ చేసింది. కెమెరా ఆన్ చేశాను. అమ్మ కాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

"చిక్కిపోయినావు గదమ్మీ, అన్నం తింటాండావా?" అంది.