డాబా దిగాక దొరికిన గురుడు

2026 జనవరి 10న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చాడు. పదమూడు నెలలకోసారి వచ్చే అవకాశం. పొద్దుగూకగానే మిథునంలో మెరుస్తూ తూర్పున లేచేవాడు, అర్ధరాత్రికి మా హనుమకొండలో దాదాపు నడినెత్తికి చేరేవాడు. అయినా ఆ వారం డాబా మీద టెలిస్కోపుతో తీసిన వీడియోల్లో ఒక్కటీ పనికిరాలేదు. గురుడి మీది ముదురు పట్టీలు రెండూ లీలగా ఉన్నాయి, అంచులు ఎసట్లో నీళ్లలా ఉడుకుతున్నాయి. అద్దాలు కదిలాయేమోనని మూడుసార్లు కొలిమేషన్, అంటే అద్దాల వరుస, చూశాను. బాగానే ఉంది.

అమ్మ మాటతో సంగతి తెలిసింది. డాబా మీద ఎండబోసిన కందులు ఎత్తుతూ, "గచ్చు ఇంకా ఎచ్చగనే ఉన్నది బిడ్డా" అంది. రాత్రి తొమ్మిదికి పిట్టగోడ మీద చెయ్యి పెడితే నిజంగానే వెచ్చగా తగిలింది. పగలు తాగిన ఎండను స్లాబు రాత్రంతా వదులుతోంది, ఆ వేడిగాలి గొట్టం ముందు నుంచే లేస్తోంది.

మర్నాడు టెలిస్కోపును పెరట్లో మట్టి మీదికి దించాను. గంట ముందే బయట పెట్టి అద్దం చల్లారనిచ్చాను. గురుడు ఈసారి అంత ఎత్తులో ఉన్నాడు కాబట్టి చెట్లూ అడ్డం రాలేదు.

నాది 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న డాబ్సోనియన్, అంటే పీఠం మీద చేత్తో తిప్పే టెలిస్కోపు. బింబాన్ని మూడింతలు చేసే 3ఎక్స్ బార్లో కటకంతో ఎఫ్/15 అవుతుంది, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు పదిహేను రెట్లు. కెమెరా పిక్సెల్ 2.9 మైక్రాన్లు, ఎఫ్ సంఖ్య దానికి ఐదు రెట్లు ఉండాలనుకుంటే దాదాపు అంతే. మోటారు లేదు, గురుడు నలభై సెకన్లలో ఫ్రేము దాటేస్తాడు. అందుకే కెమెరాను తిప్పి, అతను పొడుగు వైపునే నడిచేలా పెట్టాను. 8 మిల్లీసెకన్ల ఎక్స్‌పోజర్, సెకనుకు వంద ఫ్రేములు, మూడుసార్లు దాటనివ్వడం. మూడు నిమిషాల్లో ముగించాలి. పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగే గ్రహం, ఆలస్యమైతే వివరాలు చెదిరిపోతాయి.

పిప్ అనే సాఫ్ట్‌వేర్‌లో బింబాన్ని మధ్యకు తెచ్చి, ఆటోస్టాకర్ట్ అనే ఇంకోదానిలో పదివేల ఫ్రేముల్లో మంచివి 15 శాతం ఉంచి ఒకదాని మీద ఒకటి పేర్చాను. రెజిస్టాక్స్ సాఫ్ట్‌వేర్‌లో వివరాలకు పదును పెట్టే వేవ్‌లెట్ మీటలు మెల్లగా జరుపుతుంటే 150 పిక్సెళ్ల ఆ చిన్న బింబంలో దక్షిణపు పట్టీ అంచున ఒక గుంట తేలింది. అందులో లేత ఇటుక రంగు మచ్చ. పెద్ద ఎర్రమచ్చ, గురుడి మీది మహా తుఫాను! అమ్మను నిద్ర లేపి మరీ చూపించాను.

ఎల్లుండి అదే మచ్చ గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా, పదకొండు దాటాక ఎదురొస్తుంది. అప్పటికి గురుడు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు, డాబ్సోనియన్‌ను అక్కడ తిప్పడం కష్టం. అయినా బార్లో తీయకుండా అలాగే ఉంచాను.