అర మీటరు ఎక్కువ తవ్వినందుకు

పోయిన గురువారం సైట్లో తిట్లు తిన్నాను. పని ఎగ్గొట్టినందుకు కాదు, ఎక్కువ చేసినందుకు. కేంబ్రిడ్జ్ దగ్గర ఒక పొలంలో ఇళ్ళు కట్టబోతున్నారు. కట్టేముందు అక్కడ తవ్వి చూసే కంపెనీలో నాది కూలీ లాంటి ఉద్యోగం (మా ఇంట్లో మాత్రం ఆర్కియాలజిస్టు అనే చెప్పుకుంటారు). రోమన్ల నాటి కందకం ఒకటి బయటపడింది. దాన్ని మొత్తం తవ్వరు. అక్కడక్కడా మీటరు చొప్పున అడ్డంగా కోసి, కోసిన గోడలో కనిపించే మట్టి పొరల బొమ్మ గీసి, ఫొటో తీసి, ఒక్కో పొరకి నంబరిచ్చి ఫారం నింపాలి. నా మీటరు అయిపోయింది, కానీ పక్క గోడలోంచి కుండపెంకులు తొంగి చూస్తుంటే చెయ్యి ఆగుతుందా? తాపీతో గోకుతూ గోకుతూ ఇంకో అర మీటరు పోయాను. సూపర్‌వైజరు, నాకంటే ఆరేళ్ళు చిన్నది, వచ్చి చూసి "గీయాల్సిన గోడనే తవ్వేశావు. పైగా ఈ అర మీటరుకి డబ్బులెవరిస్తారు?" అంది.

మొదటి మాట న్యాయమే. రెండోదే రాత్రంతా తొలిచింది. ఆ కందకంలో మిగిలిందంతా రేపు జేసీబీ ఎత్తి పోసేదే కదా!

ఇక్కడ డబ్బులిచ్చేది బిల్డరు. 1989లో లండన్లో ఆఫీసు భవనానికి తవ్వుతుంటే షేక్‌స్పియర్ కాలం నాటి రోజ్ థియేటర్ బయటపడి పెద్ద గొడవైంది. 1990 నవంబరులో పీపీజీ 16 అని ప్రభుత్వం మార్గదర్శకాలు తెచ్చింది: భూమి కింద ఏముందో పర్మిషన్ ఇచ్చేముందే చూడాలి, ఖర్చు ఇల్లు కట్టేవాడిదే. అప్పట్నుంచి తవ్వకం టెండరు వేసే పనైంది, కంపెనీలు పెరిగాయి, నాలాంటి వాడికి వానలో బురద పిసికితే జీతం వస్తోంది. బిల్డరుకి మాత్రం మేము త్వరగా వదిలిపోవాల్సిన ఒక సంతకం, అంతే.

టీ టైములో నోరు ఊరుకోక మా బాబాయి ఇంటి సంగతి చెప్పాను. పల్నాడులో పునాది తవ్వుతుంటే మూరెడు పొడవు పాతకాలపు ఇటుకలు వరసగా వచ్చాయి. "ఎవరితోనూ అనకండ్రా, పని ఆపేస్తారు" అంది నాయనమ్మ. వాటిని గేదెల కొట్టంలో పరిచారు. అందరూ నవ్వారు, నాకు ఒళ్ళు మండింది. అప్పు చేసి ఇల్లు మొదలుపెట్టినవాడు పని ఆగిపోతుందంటే నోరు మూసుకోడా? మీ బిల్డరుకి చరిత్ర మీద భక్తేం కాదు, పర్మిషన్ కాగితంలో రాసుంది కాబట్టి డబ్బు కడుతున్నాడు అన్నాను. అంతటితో ఆగానా, నాగార్జునకొండ కూడా అందుకున్నాను. సాగర్ నీళ్ళు రాకముందే 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, పాత బౌద్ధ కట్టడాల్ని కొండమీదికీ, ఒడ్డునున్న అనుపుకీ తరలించి మళ్ళీ నిలబెట్టారు, మీ పీపీజీకి ముప్పై ఏళ్ళ ముందే అన్నాను. పిల్ల సూపర్‌వైజరు శ్రద్ధగా విని "ఎవరి డబ్బుతో?" అంది. మళ్ళీ అదే ప్రశ్న. సర్కారుది అన్నాను. తలూపి, తాపీ తీసుకుని పోయింది.

ఆదివారం బాబాయికి ఫోన్ చేసి, ఆ ఇటుకలు ఒక్కసారి కొలిచి ఫొటో పెట్టమన్నాను.

"అవెక్కడివిరా, మొన్న ఉగాదికి కొట్టం పడగొట్టి సిమెంటు చేయించాంగా. రెండు మాత్రం తులసికోట కింద ఉన్నాయి." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "అయినా అక్కడ ఎవరితోనూ అనలేదు కదా?" అన్నాడు.