మా అక్క బరాత్ రాత్రి పూట తీసిన ఏడాది

మా ఊరు సిరిసిల్ల వైపు. నేను చిన్నప్పుడు అమ్మ రాత్రి వంటకు బియ్యం కొలిచే తీరు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఇంట్లో ఐదుగురం. ఐదుగురికే వండేది, ఒక్క ముద్ద కూడా మిగలనిచ్చేది కాదు. రాత్రి అన్నలు, అంటే నక్సలైట్లు, తలుపు కొడితే లేదనలేం, ఉన్నది పెట్టాలి. తెల్లారితే పోలీసులొచ్చి ఎంతమంది తిన్నరు, ఎవలెవలు తిన్నరు అని లెక్క అడుగుతరు. గిన్నె ఖాళీగా ఉంటే ఇద్దరికీ ఒకటే జవాబు. ఆ కొలత అమ్మకు ఎవరూ నేర్పలేదు.

పెళ్లిళ్లు అయ్యేవి గానీ బరాత్ పట్టపగలే తీసేవాళ్లు. ఎండకు గుర్రం మీద పెళ్లికొడుకు చెమటలు కక్కుతుంటే మాకు నవ్వొచ్చేది. పొద్దుగూకాక డప్పు మోగించే ధైర్యం ఎవరికుంది?

2004 జూన్‌లో ప్రభుత్వానికీ అన్నలకూ మధ్య కాల్పుల విరమణ వచ్చింది. అక్క సంబంధం అప్పటికే ఖాయమైంది. కానీ ముందు ఆషాఢం, దాని వెంటనే అధిక శ్రావణం, రెండు నెలలు ముహూర్తాల్లేవు. బాపు పంచాంగం ఒక చేత్తో, పేపరు ఒక చేత్తో పట్టుకుని కూర్చునేవాడు. ఈ రెండు నెలలు విరమణ ఆగుతదా అని ఆయన బెంగ. ఆగింది. నిజ శ్రావణంలో పెళ్లయింది. బరాత్ రాత్రి పది దాటాక బయల్దేరింది. జనరేటర్ బండి, తలల మీద లైట్లు, డప్పులు. ఊరు దాటడానికి మూడు గంటలు పట్టింది, ఎవరూ తొందరపెట్టలేదు.

ఆ రాత్రిని మాకు ఇచ్చిందెవరు అని నేను ఆలోచించింది చాలా ఏళ్ల తర్వాత. ప్రభుత్వం, అన్నల పార్టీ అంటారు అందరూ. నిజమే. కానీ ఆ రెండింటి మధ్య 1997 నుంచి కాళ్లరిగేలా తిరిగినవాళ్లున్నారు. పౌరస్పందన వేదిక అని పేరు. దానికి కన్వీనర్ ఎస్.ఆర్. శంకరన్. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ లాంటివాళ్లు అందులో ఉన్నారు.

శంకరన్ సారుది తమిళనాడు. ఐఏఎస్. వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని ఊళ్లలో నిజంగా అమలు చేయబోయి పెద్దవాళ్ల కోపానికి గురైన అధికారి. పెళ్లి చేసుకోలేదు. 1987 డిసెంబర్‌లో తూర్పుగోదావరి గుర్తేడు దగ్గర పీపుల్స్ వార్ నక్సలైట్లు కొందరు ఐఏఎస్‌లను పట్టుకుపోయారు. వాళ్లలో ఈయనా ఉన్నాడు. పదేళ్లు తిరిగేసరికి, తనను తుపాకీ చూపి ఎత్తుకెళ్లినవాళ్లతో మాట్లాడండయ్యా అని ప్రభుత్వాన్ని అడిగే పనిలో దిగాడు. నాకైతే ఆయన కథలో ఇదే మింగుడుపడదు. నన్నెవరైనా బజార్లో తోస్తేనే ఏడాది గుర్తుంచుకుంటాను.

వాళ్లు చేసింది చెప్పుకోవడానికి పెద్ద పనిలా ఉండదు. చావు జరిగిన ఊరికి పోవడం. ఎన్‌కౌంటర్‌లో పోయినవాడి ఇంటికీ, ఇన్‌ఫార్మర్ అని అన్నలు చంపినవాడి ఇంటికీ పోవడం. జనం చెప్పింది రాసుకోవడం. ఇటు ప్రభుత్వానికీ అటు పార్టీకీ ఉత్తరాలు రాసి, ఆ ఉత్తరాలు జనం ముందు పెట్టడం. చట్టం ప్రకారం నడవమని ఒకరిని, జనం పేరు మీద జనాన్నే చంపడమేందని ఇంకొకరిని నిలదీయడం. ఇట్లా ఏడేళ్లు.

మా పక్క ఊళ్లో ఇట్లాంటి ఇళ్లు రెండున్నాయి, నడుమ ఒకటే గోడ. ఒక ఇంటి కొడుకు దళంలో ఉండి చనిపోయాడు, రెండో ఇంటాయన్ని దళం చంపింది. ఆ ఇద్దరు తల్లులు ఒకే బోరింగు దగ్గర బిందెలు నింపుకుంటూ మాట్లాడుకోకుండా ఏళ్లు గడిపారు. వేదికవాళ్లు ఆ ఊరికి రాలేదు. వచ్చుంటే ముందు ఏ గడప ఎక్కేవాళ్లో!

అక్టోబర్‌లో అన్నలు నల్లమల నుంచి హైదరాబాద్ వచ్చారు. 15 నుంచి 18 దాకా చర్చలు. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి, అటు మావోయిస్టు పార్టీ నుంచి రామకృష్ణ, ఇంకో నక్సలైట్ పార్టీ జనశక్తి నుంచి అమర్, రియాజ్. నేనప్పుడు హైదరాబాద్‌లో డిగ్రీ. మా మేనమామ ఊరి నుంచి బస్సెక్కి నేరుగా నా రూముకొచ్చాడు. దొర దగ్గర జీతమున్న మనిషి, ఏళ్లుగా దున్నుతున్న మూడెకరాలకు పట్టా లేదు. దరఖాస్తు నాతోనే రాయించాడు. అన్నలు దిగిన మంజీరా గెస్ట్‌హౌస్ ముందు చూస్తే మాలాంటివాళ్లే, అందరి చేతుల్లో కాగితాలు.

"వీళ్లేం సర్కారా మామా, పట్టా ఇయ్యనీకి?" అన్నాను.

"ఇయ్యకున్నా మానె అల్లుడా. ఇయ్యాల్నైతే అడుగుతె ఎవలూ కొట్టరు గద" అన్నాడు.

చర్చల్లో అసలు ముడి తుపాకుల దగ్గర పడింది. ఊళ్లలోకి ఆయుధాలతో రావద్దని ప్రభుత్వం, వదలమని వాళ్లు. భూమి సంగతి మాట్లాడుకున్నారు గానీ తెగలేదు. రెండో విడత జరగనే లేదు. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఇంకొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే పార్టీ మీద నిషేధం మళ్లీ వచ్చింది.

వేదికను రెండు వైపులా తిట్టినవాళ్లే ఎక్కువ. పోలీసుల మనుషులకు వీళ్లు నక్సలైట్ల ముసుగులు, ఇంకొందరికి సర్కారు ఏజెంట్లు. శంకరన్ సారు పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు, 2010లో పోయాడు. హరగోపాల్ సారు ఆ తర్వాత కూడా మావోయిస్టులు ఎత్తుకెళ్లిన మల్కన్‌గిరి, సుక్మా కలెక్టర్లను విడిపించే మాటల్లో మధ్యవర్తిగా ఉన్నారు. ఆయన మీదే ఊపా (ఉగ్రవాదులపై పెట్టే కఠిన చట్టం) కేసు పెట్టారని 2023లో బయటపడింది. గోల అయ్యాక ఎత్తేయమన్నారు. చర్చలు ఫెయిల్ అయినయి గద, ఏం సాధించిన్రు అని మా బాబాయి ఇప్పటికీ అంటాడు. నేను అక్క పెళ్లి క్యాసెట్ చూపిస్తాను. ఆయన అందులో డాన్సు చేస్తుంటాడు.

ఆ ఏడు నెలల్లో అమ్మ చెయ్యి కూడా మారింది. రాత్రికి కాస్త ఎక్కువే వండేది, పొద్దున మిగిలిన అన్నం పోపు వేసి పెట్టేది. 2005 సంక్రాంతికి నేను ఇంటికి పోయాను. అప్పటికే ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. పండగ దాటగానే చర్చల నుంచి తప్పుకుంటున్నామని పార్టీ ప్రకటించింది. బాపు రేడియో కట్టేశాడు. అమ్మ అప్పటికే బియ్యం చాటలో పోసి ఉంది. ఏమీ అనలేదు. రెండు దోసిళ్లు తీసి మళ్లీ డబ్బాలో పోసింది.